చెరాన్ (మెక్సికో): పార్టీలను వద్దనుకున్న మునిసిపాలిటీ. పేరు, పాలన, అడవి చరిత్ర

అడవిబాట
ఉద్యోగం మీద మొరేలియాలో ఉంటున్నాను, ఇది మెక్సికోలో మిచోఅకాన్ రాష్ట్ర రాజధాని. ఇక్కడి నుంచి పడమరగా కొండల్లోకి వెళ్తే పురేపెచా (ఇక్కడి ఆదివాసీ తెగ పేరు) పీఠభూమి వస్తుంది, ఆ పీఠభూమి మీద సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున చెరాన్ అనే చిన్న మునిసిపాలిటీ ఉంది. 220 చదరపు కిలోమీటర్ల చిల్లర విస్తీర్ణం, 2020 జనగణనలో జనాభా 20 వేలు దాటింది, అంతే. అంత చిన్న ఊరు 2011లో రాజకీయ పార్టీలన్నిటినీ, మేయర్‌నీ, పోలీసులనీ బయటికి పంపించి తన పాలన తనే కట్టుకుంది, ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

దీని మీద వచ్చే వీడియోలన్నీ “ప్రభుత్వమే లేని ఊరు”, “దేశం నుంచి విడిపోయిన ఊరు” అని చెప్తున్నాయి. అది నిజం కాదు. చెరాన్ ఈరోజుకీ మెక్సికో రాజ్యాంగం కింద ఉన్న మునిసిపాలిటీయే, ప్రభుత్వ నిధులు తీసుకుంటుంది, కోర్టు తీర్పు మీద నిలబడి ఉంది. ఆ ఊళ్ళో నిజంగా జరిగింది వీడియోల్లో చెప్పేదానికన్నా చాలా పెద్ద విషయం, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అడగండి, నాకు గట్టిగా తెలిసినంతవరకు చెప్తాను.

పిచ్చుక
పేరుతో మొదలుపెట్టండి అన్నా. చెరాన్ అంటే ఏంటి? స్పానిష్ మాటలా లేదే.

అడవిబాట
స్పానిష్ కాదమ్మా, పురేపెచా. ఆ భాషకి చుట్టుపక్కల ఏ భాషతోనూ బంధుత్వం తేలలేదు, అజ్టెక్‌ల నహువాతల్‌తో కూడా సంబంధం లేదు. పేరుకి రెండు అర్థాలు చెప్తారు. ఒకటి కుండపెంకుల చోటు. రెండోది భయపెట్టడం అనే క్రియ నుంచి వచ్చిందని. పండితులు ఇంకా ఒకటి తేల్చలేదు, ఊళ్ళో వాళ్ళు మాత్రం తమ ఊరిని చెరాన్ కేరి అంటారు, కేరి అంటే పెద్ద. పక్కనే పరాచో మునిసిపాలిటీలో చెరానాత్సికురిన్ అని ఇంకో ఊరుంది, దానికీ దీనికీ తేడా తెలియాలి కదా. వయసులో పెద్దవాళ్ళని కూడా కేరి అనే పిలుస్తారు, ఇప్పుడు పాలించే మండలి సభ్యుల హోదా పేరు కూడా అదే.

స్పానిష్ వాళ్ళు వచ్చాక ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఊరికి సెయింట్ ఫ్రాన్సిస్ పేరు తగిలించారు, అందుకే పాత కాగితాల్లో సాన్ ఫ్రాన్సిస్కో చెరాన్ అని కనబడుతుంది. అక్టోబర్ 4న ఊరి పండగ.

సత్తుపల్లి_బాబాయ్
బాబూ, ఊరు పార్టీలను వెళ్ళగొట్టేదాకా ఎందుకు వచ్చింది? మొదట్నుంచి చెప్పు.

అడవిబాట
మొదటి నుంచి అంటే అడవి దగ్గర మొదలుపెట్టాలి బాబాయ్. ఈ ఊరి చరిత్రలో ప్రతి మలుపూ అడవి దగ్గరే ఉంది.

20వ శతాబ్దం మొదట్లో ఈ పీఠభూమి మీది పైన్ అడవులను సాంతియాగో స్లేడ్ అనే వ్యాపారి కంపెనీ కౌలు పేరుతో చుట్టేసింది. అప్పట్లో దేశాన్ని ఏలుతున్న నియంత పోర్ఫిరియో దియాస్ ప్రభుత్వం అండ దానికి ఉండేది. చెరాన్‌లో దాన్ని ఎదిరించిన వాళ్ళల్లో కసిమిరో లేకో పేరు ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటారు. తర్వాత 1910లో మొదలైన మెక్సికో విప్లవం రోజుల్లో ఇనేస్ చావెస్ గార్సియా అనే దోపిడీ నాయకుడి గుంపులు మిచోఅకాన్ ఊళ్ళను తగలబెడుతుంటే, ఊరి వాళ్ళను పోగుచేసి కాపలా దళం కట్టింది కూడా ఆ కసిమిరో లేకోనే. అంటే 2011లో కట్టిన కాపలా దళానికి వందేళ్ళ కిందటే ఒక పెద్దాయన ఉన్నాడు. ఈ సంగతి వదిలేసి కథ 2011లో మొదలుపెడితే ఏదో ఒక్క రాత్రిలో జరిగిన అద్భుతంలా కనబడుతుంది, నాకు ఆ రకం చెప్పడం నచ్చదు.

తర్వాత 1988లో మాజీ అధ్యక్షుడు లాసరో కార్దెనాస్ కొడుకు క్వావ్‌తెమోక్ అధ్యక్ష పదవికి నిలబడి ఓడిపోయినప్పుడు (లాసరో ఈ రాష్ట్రంవాడే) చెరాన్ ఆయన వైపు నిలిచింది, ఆ పక్షం నుంచి పుట్టిన పీఆర్‌డీ పార్టీ చాలా ఏళ్ళు ఊరిని ఏలింది. 2007 ఎన్నికల నాటికి ఆ పార్టీ లోపల చీలికలు, ఒక ఇంట్లోనే అన్నదమ్ములు మాట్లాడుకోని పరిస్థితి. ఆ సందులో, దశాబ్దాలపాటు దేశాన్ని ఏలిన పీఆర్ఐ పార్టీ గెలిచింది. 2008 నుంచి కలప దొంగలు రావడం మొదలైంది.

నల్లమల
కలప దొంగలంటే ఊళ్ళో వాళ్ళేనా, బయటి వాళ్ళా? అటవీ పనిలో ఉన్నవాడిగా అడుగుతున్నాను. చిన్న ఎత్తున నరకడం ప్రతి అడవి ఊళ్ళోనూ ఉంటుంది, ఊరు తిరగబడేంత అంటే లెక్క వేరు.

అడవిబాట
లెక్క వేరే సార్. పక్క ఊళ్ళ నుంచి వచ్చే నరికేవాళ్ళ వెనక ఆయుధాలున్న ముఠాలు ఉన్నాయి. పట్టపగలు లారీలు వరసకట్టి ఊరి వీధుల్లోంచే దుంగలు వేసుకుని పోయేవి. నరికిన చోట నిప్పు పెట్టేసేవాళ్ళు. మూడేళ్ళలో కొన్ని వేల హెక్టార్లు పోయాయి. అడ్డం పడిన వాళ్ళు కొందరు చనిపోయారు, కొందరు ఏమయ్యారో తెలియలేదు. మునిసిపల్ పోలీసులు కళ్ళు మూసుకున్నారు, రాష్ట్రం పట్టించుకోలేదు.

చివరికి నరుకుడు లా కొఫ్రాదియా అనే నీటి ఊట దగ్గరికి వచ్చింది. అక్కడ చెట్లు పోతే ఊట ఎండిపోతుంది, పశువులకి నీళ్ళుండవు. ఇంక ఆగలేదు. 2011 ఏప్రిల్ 15, శుక్రవారం, తెల్లవారకముందే ఎల్ కల్వారియో గుడి దగ్గర ఆడవాళ్ళు లారీలకి అడ్డం నిలబడ్డారు, రాళ్ళు, కర్రలు, తారాజువ్వలు పట్టుకుని. గుడి గంటలు మోగించారు. ఊరంతా లేచి వచ్చింది. నరికేవాళ్ళల్లో కొందరిని పట్టి కట్టేశారు. వాళ్ళని విడిపించడానికి తుపాకులతో మనుషులు వస్తే వాళ్ళ వెంట మునిసిపల్ పోలీసులు కూడా ఉన్నారు! ఆ గొడవలో ఊరివాడు ఒకతనికి తలలో బుల్లెట్ దిగింది. పోలీసులు ఎవరి పక్షమో ఆ రోజు ఊరందరి కళ్ళ ముందే తేలిపోయింది.

విజయనగరం_లక్ష్మి
మొదలుపెట్టింది ఆడవాళ్ళు అని అందరూ రాస్తారు. తర్వాత మండలిలో ఎంతమందికి చోటిచ్చారు? అది ఎవరూ రాయరు.

అడవిబాట
సరైన ప్రశ్న అక్కా. మొదటి మండలిలో చాలా తక్కువ. మామూలుగా బరువైన పదవులు మగవాళ్ళకే అన్న అలవాటు అక్కడా ఉంది, ఒక్క ఉద్యమంతో అది పోలేదు. తర్వాతి మండళ్ళలో పెరిగారు, మహిళల కోసం విడిగా ఒక ఉపమండలి, యువతకి ఒకటి కూడా వచ్చాయి. రోందాలో, అంటే ఊరి కాపలా దళంలో, మొదట్లోనే చేరిన మహిళల్లో గ్వాదలూపే కాంపనుర్ ఒకరు. 2018 జనవరిలో ఆమెని చంపేశారు, శవం చిల్‌చోతా మునిసిపాలిటీలో దొరికింది. ఊరు ఆమెని ఇప్పటికీ తలుచుకుంటుంది. చెరాన్ గెలిచింది అని రాసేటప్పుడు ఈ పేరు వదిలేయకూడదు అని నేను అనుకుంటాను.

విజయనగరం_లక్ష్మి
ఇది తెలియదు నాకు. చెప్పినందుకు సంతోషం తమ్ముడూ.

కరీంనగర్_శ్రీను
తిరగబడడం వరకు అర్థమైంది. కానీ అన్నా, తిరగబడిన ఊళ్ళు చాలా ఉంటాయి, ఆర్నెల్లలో మళ్ళీ పాత వాళ్ళే కుర్చీలో కూర్చుంటారు. ఇక్కడ ఎందుకు నిలబడింది? నాకు ఇదొక్కటే సందేహం.

అడవిబాట
నా సమాధానం ఒక్క మాటలో ఫొగాతా. వివరంగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ఆ రోజు రాత్రి ముఠాలు తిరిగి వస్తాయని భయం. ఊరికి వచ్చే దారులన్నీ అడ్డుకట్టలు వేసి మూసేశారు. ప్రతి వీధి మూలా ఒక మంట వేసి, ఆ వీధి వాళ్ళు రాత్రంతా అక్కడే కాపలా కూర్చున్నారు. ఆ మంటనే ఫొగాతా అంటారు. ఊరు మొత్తంలో దాదాపు 200 మంటలు. మన వీధిలో వినాయక పందిరి దగ్గర రాత్రుళ్ళు మేలుకుని కూర్చుంటాం కదా, అలా, కానీ ఇది నెలల తరబడి, ప్రాణభయంతో. బడులు మూతపడ్డాయి, మందు నిషేధించారు, వంట కూడా మంట దగ్గరే, అందరూ కలిసే తినేవాళ్ళు. అంతకుముందు పార్టీల పేరుతో మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకే మంట దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. పార్టీలు వద్దు అన్న నిర్ణయం ఏ సిద్ధాంతంలోంచీ రాలేదు, ఆ మంటల దగ్గరి మాటల్లోంచి వచ్చింది. మనల్ని విడగొట్టింది పార్టీలే, విడిపోయాం కాబట్టే అడవి పోయింది అని వాళ్ళు లెక్క కట్టుకున్నారు.

తర్వాత ఆ మంటే పాలనలో మొదటి మెట్టు అయింది. ఊళ్ళో పాతకాలం నుంచి నాలుగు పేటలు ఉన్నాయి, హరుకూతిని, కేత్సికువా, కరాకువా, పరికూతిని. ఫొగాతాలో మాట్లాడింది పేట సభకి వెళ్తుంది, పేట సభల్లో తేలింది ఊరి మండలికి వెళ్తుంది. మండలిలో పేటకి ముగ్గురు చొప్పున 12 మంది కేరిలు. మేయర్ లేడు. 12 మందిలో ఒకరు మిగతా వాళ్ళకన్నా పెద్ద అనేది లేదు, సంతకాలు కలిసి పెట్టాలి. మూడేళ్ళకొకసారి అందరూ దిగిపోతారు.

శ్రీనూ, నువ్వడిగిన దానికి నేను చెప్పేది ఇదే. పైన ఒక కొత్త నాయకుడిని కూర్చోబెట్టి ఉంటే అతన్ని కొనేసేవాళ్ళు, లేదా చంపేసేవాళ్ళు. వీధి మూల నుంచి కట్టుకొచ్చారు కాబట్టి నిలబడింది.

పిచ్చుక
ఓటు ఎలా వేస్తారు మరి? బ్యాలెట్ ఉంటుందా?

అడవిబాట
ఉండదు. ఫొగాతాలు పేర్లు చెప్తాయి, తనకు తాను ప్రచారం చేసుకోవడం తప్పు కింద లెక్క. పేట సభ రోజున అభ్యర్థులు ముందు నిలబడతారు, జనం తమకి నచ్చిన మనిషి వెనక వరసలో నిలబడతారు, వరసలు లెక్కపెడతారు.

కరీంనగర్_శ్రీను
అందరి ముందూ నిలబడాలంటే భయం ఉండదా? అప్పు ఇచ్చినవాడు నిలబడితే వాడి వెనకే నిలబడాలి కదా.

రాజ్యాంగప్రియ
శ్రీను గారు అడిగింది చిన్న విషయం కాదు. ఓటు రహస్యంగా ఉండాలనేది మెక్సికో చట్టంలోనూ ఉన్న సూత్రమే. కానీ ఆదివాసీ సమాజాలు తమ ఆచారం ప్రకారం తమ అధికారులను ఎన్నుకునే హక్కు ఆ దేశ రాజ్యాంగం 2వ అధికరణంలో ఉంది, ఒహాకా రాష్ట్రంలో 1995 నుంచి చట్టం ప్రకారమే ఇలా నడుస్తోంది. అక్కడి 570 మునిసిపాలిటీల్లో 400కి పైగా పార్టీలు లేకుండానే ఎన్నుకుంటాయి. నాకు చెరాన్ కేసులో ఆసక్తి ఎక్కడంటే, మిచోఅకాన్‌లో అప్పటికి అలాంటి చట్టమే లేదు. చట్టం లేకపోయినా హక్కు ఎలా వచ్చిందో అడవిబాట గారు చెప్తారా, లేక నేను రాయనా?

అడవిబాట
మీరే రాయండి మేడమ్, నాకన్నా బాగా రాస్తారు.

రాజ్యాంగప్రియ
సరే. 2011 నవంబర్‌లో రాష్ట్ర ఎన్నికలు రావాలి. మా ఊళ్ళో పార్టీ ఎన్నికలు వద్దు, మా పద్ధతిలో ఎన్నుకుంటాం అని చెరాన్ వాళ్ళు రాష్ట్ర ఎన్నికల సంస్థకి అర్జీ పెట్టారు. మాకు ఆ అధికారం లేదు, రాష్ట్ర చట్టంలో అలాంటిది లేదు అని ఆ సంస్థ సెప్టెంబర్‌లో తోసేసింది. వీళ్ళు సమాఖ్య ఎన్నికల న్యాయస్థానానికి వెళ్ళారు. 2011 నవంబర్ 2న తీర్పు వచ్చింది. రాష్ట్రం చట్టం చేయలేదన్న కారణంతో రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఆగిపోదు, ఊరిని అడగండి, ఒప్పుకుంటే వాళ్ళ పద్ధతిలోనే ఎన్నిక జరిపించండి అని. ఆ తీర్పులో రాజ్యాంగంతో పాటు ఆదివాసీ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒడంబడిక కూడా ఆధారం, మెక్సికో దాన్ని 1990లోనే ఒప్పుకుంది. మన దేశం పాత 107వ ఒడంబడిక దగ్గరే ఆగింది, 169ని ఇప్పటికీ ఒప్పుకోలేదు, మన దగ్గర ఇలాంటి కేసు వాదించాలంటే ఆ దారి లేదు.

2011 డిసెంబర్ 18న ఊరిని అడిగారు, ఊరు సరే అంది. 2012 జనవరి 22న ఎన్నిక, ఫిబ్రవరి 5న మొదటి మండలి బాధ్యత తీసుకుంది. ఫిబ్రవరి 5 మెక్సికో రాజ్యాంగ దినం, గమనించండి.

ఇంకో గట్టి దెబ్బ 2014లో. రాష్ట్ర ప్రభుత్వం 2012 మార్చిలో ఆదివాసీ ప్రజల విషయంలో తన రాజ్యాంగం సవరించింది, చెరాన్‌ని అడగకుండా. చెరాన్ సుప్రీం కోర్టుకి వెళ్ళింది. మునిసిపాలిటీ హోదాలో! 2014 మేలో కోర్టు వాళ్ళ వైపు తీర్పు ఇచ్చింది, ముందు సంప్రదించకుండా చేశారు కాబట్టి చెరాన్‌కి ఆ సవరణ చెల్లదు అని. అంటే ఈ 12 మంది మండలి ఒక మునిసిపల్ ప్రభుత్వమేనని దేశంలో అత్యున్నత న్యాయస్థానం గుర్తించినట్టు. అందుకే “ప్రభుత్వం లేని ఊరు” అంటే నాకూ ఒళ్ళు మండుతుంది. ఒక్కో గెలుపూ న్యాయస్థానంలో వాదించి తెచ్చుకున్నారు వాళ్ళు.

సత్తుపల్లి_బాబాయ్
చక్కగా చెప్పావమ్మా. మరి డబ్బు సంగతి? పార్టీలు వద్దంటే ఫండ్స్ ఆపేసే వాళ్ళుంటారు.

అడవిబాట
మునిసిపాలిటీ హోదా పోలేదు కాబట్టి సమాఖ్య నుంచి మునిసిపాలిటీలకి వచ్చే వాటా వీళ్ళకీ వస్తుంది బాబాయ్. ఆ డబ్బుతోనే రోందా వాళ్ళకీ, అడవి కాపలాదారులకీ జీతాలు. మండలి కింద పని పంచుకునే ఉపమండళ్ళు ఉన్నాయి, పౌర వ్యవహారాలకి, న్యాయానికి, సంక్షేమానికి, పేటల సమన్వయానికి, ఉమ్మడి భూములకి. ఆఖరిదే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, అడవి దాని చేతిలో ఉంటుంది.

నల్లమల
దాని గురించే చెప్పండి. నరికేసిన కొండలు ఇప్పుడెలా ఉన్నాయి?

అడవిబాట
నర్సరీ ఒకటి పెట్టారు, ఊరి ఉమ్మడి ఆస్తి. పైన్ మొక్కలు ఏడాదికి పది లక్షలకి పైగా పెంచే స్థాయికి వెళ్ళింది, తమ కొండలకి వాడుకుని బయట కూడా అమ్ముతారు. ఊరి సొంత కోత మిల్లు ఉంది, పడిపోయిన, జబ్బు చేసిన చెట్లు అందులోకి వెళ్తాయి. పైన్ బంక తీయడం ఇక్కడ పాత వృత్తి, అది మళ్ళీ ఊపందుకుంది. పెరిగిన చెట్టుని పడేయకుండా ఏటా ఆదాయం వచ్చేది అదే కదా.

నీళ్ళ విషయం ఇంకా బాగుంటుంది. కుకుందికాతా కొండ పైన చల్లారిపోయిన అగ్నిపర్వత బిలంలో వాన నీళ్ళు పట్టే పెద్ద తొట్టి కట్టారు, 2 కోట్ల లీటర్లు పడుతుంది. ఈ పీఠభూమి నేల అగ్నిపర్వత మట్టి, పడిన వాన పడినట్టు కిందికి ఇంకిపోతుంది, పైన వాగులు తక్కువ. కాబట్టి ఊటలూ వాన నీళ్ళే ఆధారం.

ఇక అవకాడో. 1997లో అమెరికా మిచోఅకాన్ అవకాడోలకి తలుపు తీసినప్పటి నుంచి ఇదే రాష్ట్రంలోని ఉరువాపాన్ పట్నం చుట్టూ పైన్ అడవులు తోటలుగా మారిపోతూ వచ్చాయి. చెరాన్‌లో ఉమ్మడి భూమిలో అవకాడో తోట వేయడం నిషేధం. పక్క ఊళ్ళో ఎకరానికి ఎంత వస్తుందో తెలిసి కూడా వద్దనుకోవడం, ఆ నిషేధాన్ని మూడేళ్ళకొకసారి మారే మండళ్ళు వరసగా నిలబెట్టడం, నాకు చాలా గౌరవం కలిగే విషయం ఇది.

నల్లమల
అవకాడో నీళ్ళు బాగా తాగుతుంది, పైన్ కింద పెరిగే పొదలు, బూజులు, పుట్టగొడుగులు అన్నీ పోతాయి. మళ్ళీ పైన్ వేసినా అడవి తిరిగి రావడానికి కొన్ని దశాబ్దాలు. అందుకే ముందే ఆపడం మంచి నిర్ణయం. ఒక్క పైన్ జాతే వరసగా నాటడం వల్ల పురుగు పడే ప్రమాదం ఉంటుంది, అది మాత్రం చూసుకోవాలి వాళ్ళు.

కరీంనగర్_శ్రీను
అన్నా, మంచివన్నీ చెప్పారు. ఊళ్ళో ఒప్పుకోని వాళ్ళు లేరా? 20 వేల మందిలో అందరూ ఒకే మాట మీద ఉంటారా?

అడవిబాట
ఉండరు శ్రీనూ. మునిసిపాలిటీలోనే తనాకో అని ఇంకో ఊరుంది, సాంతా క్రూస్ తనాకో. అది చెరాన్ పట్నం లాగా ఉద్యమంలో కలవలేదు, దానికి దాని లెక్కలు వేరే. నాలుగు పేటల మండలిలో తనాకోకి సీటు లేదు. నా మటుకు నేను ఇది పెద్ద చిక్కు ప్రశ్న అనుకుంటాను, ఎందుకంటే హక్కు ఒక సమాజానికి వచ్చింది, మునిసిపాలిటీ గీత ఆ సమాజం కన్నా కొంచెం పెద్దది. ఆ గీతలు గీసింది పురేపెచా వాళ్ళు కాదు.

ఫొగాతాలు కూడా 2011లో వెలిగినట్టు ఇప్పుడు ప్రతి రాత్రీ వెలగవు. భయం తగ్గాక జనం ఇళ్ళల్లో పడుకుంటారు, అది సహజం. సభకి రాని కుర్రాళ్ళ గురించి పెద్దవాళ్ళకి టెన్షన్ ఉంది. పని కోసం అమెరికా పోయేవాళ్ళు ఎక్కువ. ఏటా ఏప్రిల్ 15న మాత్రం ఊరంతా వీధుల్లోకి వస్తుంది. పోరాటం వేడిలో పుట్టిన రేడియో ఫొగాతా అనే ఊరి రేడియోని నడిపింది ఎక్కువగా కుర్రాళ్ళే.

పిచ్చుక
దేశం ఎన్నికలకైనా ఓటు వేస్తారా?

అడవిబాట
ఆ ఎన్నికలకి కూడా చెరాన్ పట్నంలో పెట్టెలు పెట్టనివ్వలేదు. పెట్టెల వెనకే పార్టీల కార్యకర్తలు వస్తారు అని వాళ్ళ వాదన.

రాజ్యాంగప్రియ
ఇక్కడ నేను ఒప్పుకోను. మండలి ఎన్నిక పద్ధతి సమాజం హక్కు, సరే. అధ్యక్షుడికి ఓటు వేయాలనుకునే మనిషి హక్కు ఆ మనిషిది. ఆ రెండూ ఒకటి చేయకూడదు.

విజయనగరం_లక్ష్మి
నేను ప్రియ వైపు. మూడేళ్ళు చంపుకుతిన్న పార్టీలని ఊళ్ళోకి రానివ్వద్దు అనే కోపం అర్థమవుతుంది, అయినా ఓటు వేరే.

అడవిబాట
మీ ఇద్దరి మాటా ఊళ్ళోనూ అనేవాళ్ళు ఉన్నారు. నేను ఊరి నిర్ణయం వైపే, కానీ మీ వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

సత్తుపల్లి_బాబాయ్
ఆఖరుగా ఒకటి చెప్పు బాబూ. పక్క ఊళ్ళు వీళ్ళని చూసి ఏమైనా చేశాయా?

అడవిబాట
చేశాయి బాబాయ్, వేరే దారిలో. అన్ని ఊళ్ళూ మునిసిపాలిటీ కేంద్రాలు కావు కదా, చాలా పురేపెచా ఊళ్ళు వేరేవాళ్ళ మునిసిపాలిటీలో చిన్న భాగాలు. పిచాతారో అనే ఊరు తింగాంబాతో మునిసిపాలిటీ కింద ఉంటుంది, మా జనాభా ప్రకారం మా వాటా డబ్బు మాకే నేరుగా ఇవ్వండి అని కేసు వేసింది. 2016లో అదే ఎన్నికల న్యాయస్థానం వాళ్ళకి అనుకూలంగా తీర్పిచ్చింది. తర్వాత 2021లో మిచోఅకాన్ మునిసిపల్ చట్టంలోనే ఈ నేరు నిధుల పద్ధతి పెట్టారు, ఊరు సభ పెట్టి అడగాలి, ఎన్నికల సంస్థ వచ్చి సంప్రదింపు జరపాలి, అంతే. అప్పట్నుంచి పదుల సంఖ్యలో ఊళ్ళు తీసుకున్నాయి. వాటిల్లో చాలావాటికి సొంత మండళ్ళు, సొంత కాపలా దళాలు ఉన్నాయి. చెరాన్‌కి ఒక చట్టం కూడా తోడు లేని రోజుల్లో మొదలైన పని ఇప్పుడు అదే రాష్ట్రం చట్టపుస్తకంలో ఉంది. 2024లో చెరాన్‌లో ఐదో మండలి కూర్చుంది.